కనబడని పులికి టికెట్



అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రం, ఆర్లాండో దగ్గర డిస్నీ వారి యానిమల్ కింగ్‌డమ్ అనే థీమ్ పార్కు ఉంది. పిల్లల దగ్గరికి వెళ్లిన తల్లిదండ్రులను సెలవుల్లో చూపించడానికి తీసుకువెళ్లే ఊళ్లలో ఆర్లాండో ముందుంటుంది కాబట్టి, ఈ పార్కు పేరు ఇప్పుడు మన ఇళ్లలోనూ వినబడుతోంది. 1998 ఏప్రిల్ 22న, ధరిత్రీ దినోత్సవం నాడు తెరిచారు. 500 ఎకరాలకు పైబడిన చోటు. వెళ్లొచ్చినవాళ్లు చెప్పే కబుర్లలో రైళ్లలా దూసుకుపోయే రైడ్లుంటాయి, తెరిచిన ట్రక్కులో కూర్చోబెట్టి సింహాలను, జిరాఫీలను చూపించే సఫారీ ఉంటుంది. ఆ రెంటికీ మధ్య రెండు కాలిబాటలున్నాయి. ఆఫ్రికా భాగంలో ఉన్నదాని పేరు గొరిల్లా ఫాల్స్, ఆసియా భాగంలో ఉన్నది మహారాజా జంగిల్ ట్రెక్. చాలామంది వీటిని ఒక రైడు నుంచి ఇంకో రైడుకు వెళ్లే దారిలో కాళ్లు చాపుకునే చోటుగా చూస్తారు. పావుగంటలో నడిచేసి, పులి కనబడలేదని విసుక్కుని, బయటికొచ్చేస్తారు. నా అభిప్రాయం ఇందుకు ఎదురుగా ఉంది. ఆ పార్కులో తీరిగ్గా చూడవలసినవి ఈ రెండు బాటలే. జంతువు మనకు కనబడకుండా ఉండిపోగల వీలు అక్కడ ఉండడమే వాటి విలువ. కెమెరా పట్టుకుని వెళ్లినవాడికి ఈ సంగతి ఇంకా ఎక్కువగా వర్తిస్తుంది.

ఎందుకంటున్నానో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. 1955 జులైలో కాలిఫోర్నియాలో డిస్నీలాండ్ తెరిచినప్పుడు అందులో జంగిల్ క్రూయిజ్ అనే పడవ ప్రయాణం ఉంది. ఏనుగులు, మొసళ్లు, నీటిగుర్రాలు ఒడ్డున కనిపిస్తుంటే పడవలో సాగిపోవడం. అక్కడ నిజమైన జంతువులనే ఉంచాలని వాల్ట్ డిస్నీ మొదట అనుకున్నాడు. జంతుశాస్త్రం తెలిసినవాళ్లు వద్దన్నారు. పగటిపూట అవి నిద్రపోతాయి, లేకపోతే పొదల్లో దాక్కుంటాయి, పడవ వచ్చిన వేళకు ఒడ్డుకు రావు అన్నారు. దాంతో యంత్రపు జంతువులను పెట్టారు. నీటిగుర్రం ప్రతి పడవకూ తప్పకుండా నోరు తెరుస్తుంది. ఏనుగు తొండం ప్రతి పడవకూ లేస్తుంది. చూసినవాళ్లకు ఆశాభంగం లేదు. కానీ అక్కడ తీసిన ఫొటోను ఎవరు తీశారన్నది ఎవరూ అడగరు. పొద్దున తీసినా సాయంత్రం తీసినా, నేర్పరి తీసినా పసివాడు తీసినా, ఆ నీటిగుర్రం అదే నోరు తెరిచి ఉంటుంది. నాలుగు దశాబ్దాల తర్వాత అదే సంస్థ నిజమైన జంతువులతో పార్కు కట్టాలనుకున్నప్పుడు, ఈ జంతువులు జూల్లో ఎటూ ఉన్నాయి కదా, ఇందులో జనాన్ని ఉర్రూతలూగించేది ఏముంది అని కంపెనీ పెద్దలకు సందేహం వచ్చింది. రూపకల్పనకు నాయకత్వం వహించిన జో రోడ్ నోటితో జవాబు చెప్పకుండా, సమావేశం జరుగుతున్న గదిలోకి ఒక బెంగాల్ పులిని నడిపించుకు రప్పించాడు. ఆ తర్వాత వాదన సాగలేదు. ఆ గదిలో ఉన్నవాళ్ల ఒళ్లు జలదరించిందంటే పులి అందంగా ఉన్నందుకు కాదు. అది ఇప్పుడు ఏం చేస్తుందో ఎవరికీ తెలియదు గనక. కాలిబాట మనకు అమ్మేది ఆ తెలియనితనాన్నే. దాన్ని కొనుక్కున్నవాడు, పులి పడుకుని ఉందని ఫిర్యాదు చేయడం వింతగా ఉంటుంది.

బాట ఎలా కట్టారో చూస్తే ఈ మాట ఇంకా తేటపడుతుంది. ఇనుప చువ్వల వెనక జంతువును నిలబెట్టే పాత పద్ధతిని మొదట గట్టిగా కాదన్నవాడు జర్మనీకి చెందిన కార్ల్ హాగెన్‌బెక్. ఏ జంతువు ఎంత దూరం దూకగలదో పరీక్షించి, అంతకు మించిన వెడల్పుతో కందకాలు తవ్వించి, 1907లో హాంబర్గ్ శివారు స్టెల్లింగెన్‌లో చువ్వల్లేని జూ తెరిచాడు. ఆ పద్ధతికి ఇంకో మెట్టు పైన, 1970ల చివర్లో అమెరికాలో సియాటిల్ నగరంలోని వుడ్‌ల్యాండ్ పార్క్ జూలో గొరిల్లాల చోటును అడవిలా పెంచారు. చూసేవాళ్లు కూడా అదే అడవిలో నడుస్తున్నట్టుండాలన్నది అక్కడి ఆలోచన. జంతువు ఉన్నచోటి చెట్లే మనం నడిచే దారి పక్కనా ఉంటాయి. అడ్డుగోడ కంటికి ఆనదు. ఒకే పెద్ద మైదానం నుంచి అందరూ ఒకేసారి చూడకుండా, దారి మెలికలు తిరుగుతూ ఒక్కో మలుపులో ఒక్కో చిన్న చూపుచోటు దొరుకుతుంది. ఫ్లోరిడాలోని ఈ రెండు బాటలూ ఆ సంప్రదాయంలోవే. ఇక్కడ తిరకాసు ఏమిటంటే, జంతువుకు నీడ కావాలి, జనం కళ్లనుంచి పక్కకు తప్పుకోగల చోటు కావాలి, ఎత్తు కావాలి. అవన్నీ ఇచ్చినకొద్దీ మనకు అది కనబడే వీలు తగ్గుతుంది. రూపకర్తలు ఈ రెంటికీ మధ్య బేరమాడతారు. మేత వేసే చోటు, నీళ్ల మడుగు, నీడ పడే బండ, ఇవి చూపుచోటుకు ఎదురుగా వచ్చేట్టు అమరుస్తారు. అక్కడికి రమ్మని జంతువును ఊరిస్తారు గాని లాక్కురారు. ఆ ఊరింపుకు అది లొంగిందా లేదా అన్నది ఆ రోజు ఎండ మీద, దాని ఆకలి మీద, పక్కదానితో దానికున్న పేచీ మీద ఆధారపడి ఉంటుంది.

ఇక్కడే మొదటి అభ్యంతరం వస్తుంది. అంత ఖర్చు పెట్టుకుని, సముద్రాలు దాటి వెళ్లి, పులి తోక కూడా చూడకుండా రావడం న్యాయమా అని. ఈ ప్రశ్నను కొట్టిపారేయను. టికెట్టు కొన్నవాడికి చూసే హక్కుంది. అయితే చూడడానికి ఆ హక్కుకు తోడు కొంత పని కూడా చేయాలి. జంతువు మొత్తం ఆకారాన్ని వెతికేవాడికి అది దొరకదు. కదిలే ముక్కను వెతకాలి. గడ్డిలో చెవి ఒకటి ఈగను తోలుతుంది. తోక కొస ఒక్కసారి లేచి పడుతుంది. ఆకుల మధ్య అడ్డంగా ఒక గీత కనిపిస్తే అది కొమ్మ కాకుండా వీపు కావచ్చు, ఎందుకంటే పొదలో గీతలన్నీ నిలువుగానో వాలుగానో ఉంటాయి. మధ్యాహ్నం ఎండలో మైదానం మధ్య వెతకడం దండగ. నీడ అంచుల్లో, బండల కింద, నీళ్ల పక్కన చూడాలి. ఫ్లోరిడా వేసవి మన కోస్తా వేసవికి తీసిపోదు. ఉక్కపోత, దానిమీద మధ్యాహ్నం ఉరుములతో వాన. పొద్దున బాట తెరవగానే వెళ్లడం ఒక పద్ధతి, వాన వెలిసిన వెంటనే వెళ్లడం ఇంకొకటి. గాలి చల్లబడగానే అప్పటిదాకా పడుకున్నవి లేచి తిరుగుతాయి, జనమేమో అప్పటికి ఎక్కడో చూరు కింద నిలబడి ఉంటారు. ఆ బాటల పక్కన నిలబడి ఉండే సిబ్బంది కూడా ఉత్తినే అలంకారానికి ఉన్నవాళ్లు కారు. ఇవాళ గొరిల్లాలకు మేత ఎప్పుడు వేశారు, పులి ఏ పక్క పడుకుంది అని అడిగితే చెబుతారు. ఇంతా చేసినా కనబడకపోవచ్చు. అప్పుడు ఆ టికెట్టులో పులి వాటా వృథా అయిందనుకుంటే, యంత్రపు నీటిగుర్రం దగ్గరికే వెళ్లడం మంచిది.

గొరిల్లా ఫాల్స్ బాటలో మొదట్లోనే గొరిల్లా రాదు. ముందు చిన్న ప్రాణులతో కన్ను అలవాటు పడుతుంది. నలుపూ తెలుపూ జూలుతో కొలోబస్ కోతులు, జిరాఫీకి చుట్టమైన ఒకాపి, తలుపులేసిన గదిలో సొరంగాలు తవ్వుకుని బతికే బొచ్చులేని ఎలుకలు, పక్షులను స్వేచ్ఛగా వదిలిన పెద్ద వలపందిరి. నీటిగుర్రాన్ని నీళ్ల అడుగు నుంచి చూపించే అద్దపు గోడ ఒకటుంది. అంత బరువైన జంతువు ఈదదు, అడుగున నడుస్తుంది, కాలు ఆనించి తేలికగా ముందుకు జరుగుతుంది. ఒడ్డున చూసినవాడికి ఈ సంగతి ఎన్నటికీ తెలియదు. చివర్లో గొరిల్లాలు. ఇవి పడమటి మధ్యాఫ్రికా పల్లపు అడవుల జాతి, అంతరించే ప్రమాదం అతి తీవ్రంగా ఉన్నవాటి జాబితాలో ఉన్నది. ఇక్కడ రెండు గుంపులుంటాయి. ఒకటి పెద్ద మగ గొరిల్లా, దాని ఆడవి, పిల్లలు ఉన్న కుటుంబం. రెండోది అచ్చంగా మగవాటి గుంపు. పుట్టే పిల్లల్లో ఆడా మగా దాదాపు సమానమే అయినా కుటుంబానికి పెద్ద మగది ఒకటే కావడంతో, మిగిలిన మగవాటికి ఇలా వేరే కొలువు పెట్టక తప్పదు. ఈ ఒక్క విషయం తెలిసినవాడు ఆ రెండు గుంపులనూ చూసే తీరే మారిపోతుంది. కుటుంబంలో పిల్ల ఎటు వెళ్లినా తల్లి చెయ్యి ఎంత దూరంలో ఉందో గమనిస్తాడు. మగవాటి గుంపులో ఎవరు ఎవరికి దారి వదులుతున్నారో గమనిస్తాడు. మంచి ఫొటోకు కావలసిన క్షణం ఈ గమనింపు నుంచి వస్తుంది, లెన్సు ధర నుంచి రాదు. గొరిల్లా ముక్కు మీది ముడతలు మన వేలిముద్రల్లాంటివి, ఏ రెంటికీ ఒకేలా ఉండవు. అడవిలో పరిశోధకులు వాటిని ఆ ముద్రలతోనే గుర్తుపడతారు. అందుకని నేనైతే మొత్తం శరీరం పట్టాలని తాపత్రయపడకుండా, ముక్కూ కనుబొమల గట్టూ దొరికేదాకా ఆగమంటాను. నల్లటి బొచ్చుతో ఒక చిక్కుంది. ఫ్రేమంతా గొరిల్లా నిండితే కెమెరా అది చీకటి అనుకుని వెలుతురు పెంచేస్తుంది, నలుపు బూడిదరంగుకు తిరుగుతుంది. అప్పుడు ఎక్స్‌పోజర్ తగ్గించాలి. వెనక ఎండపడిన ఆకులుంటే సరిగ్గా తలకిందులు, పెంచాలి, లేకపోతే ముఖం బొగ్గుముద్దవుతుంది.

గొరిల్లా విషయంలో ఇంకో మాట చెప్పకుండా ముందుకు పోలేను. కళ్లలోకి సూటిగా చూడడం మనకు చనువు, వాటికి సవాలు. 2007 మేలో నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్ జూలో బొకీటో అనే మగ గొరిల్లా నీటి కందకం దాటి బయటికొచ్చి ఒక సందర్శకురాలిని తీవ్రంగా గాయపరిచింది. ఆమె తరచుగా వచ్చి దాని ఎదుట నిలబడి, కళ్లలోకి చూసి నవ్వేది. తమ మధ్య స్నేహం కుదిరిందని ఆమె నమ్మకం. పళ్లు కనబడేలా నవ్వుతూ తదేకంగా చూడడం గొరిల్లా లోకంలో ఏమవుతుందో ఆమెకు తోచలేదు. తర్వాత ఒక బీమా కంపెనీ, పెట్టుకున్నవాడు పక్కకు చూస్తున్నట్టు కనబడే అట్టముక్క కళ్లజోళ్లను సందర్శకులకు పంచింది. నవ్వొచ్చే విషయమే గాని అందులో వివేకముంది. కెమెరా ముందుభాగంలో ఉన్న పెద్ద గాజు కూడా రెప్పవేయని కన్నులాగానే ఉంటుంది. అద్దం అవతల ఉన్న గొరిల్లా మొహం తిప్పుకుందంటే, తిప్పుకోనివ్వాలి. అద్దం మీద తట్టి పిలిచి తీసిన ఫొటోలో కనబడేది గొరిల్లా స్వభావం కాదు, మన అల్లరికి దాని చిరాకు.

ఆసియా వైపు బాటకు కల్పిత కథ ఒకటి అల్లారు. ఆనందపూర్ అనే ఊహా రాజ్యం, అందులో ఒకప్పటి రాజుల వేట మహలు శిథిలమై, ఇప్పుడు పులుల పాలైందని. పేరు మనదే, గోడల మీద పాకుడు, వెలిసిపోయిన రంగులు, తోరణాలు కూడా మన పాతకోటలనే గుర్తుచేస్తాయి. తెలుగువాడికి అక్కడ నవ్వూ రావచ్చు, ఇంటిబెంగా రావచ్చు. కానీ ఆ బాటలో నా ఓటు పులికి కాదు, గబ్బిలానికి. మలయా ప్రాంతపు పెద్ద గబ్బిలాలవి, రెక్కలు చాపితే ఐదడుగులు దాటుతాయి. చూసే మంటపానికి కొన్ని చోట్ల అద్దం లేని తెరుపులున్నాయి. చాలామంది గుమ్మం దగ్గరే ఆగిపోతారు, గబ్బిలం అనగానే అశుభమనీ మొహానికి అంటుకుంటుందనీ మనకున్న భయం వాళ్లకూ ఉంది. పైగా మన 1972 వన్యప్రాణి చట్టం కూడా పళ్లు తినే గబ్బిలాలను కాకి, ఎలుకల సరసన హానికర జంతువుల జాబితాలో కూర్చోబెట్టింది. 2022 సవరణతోగాని ఆ జాబితా పోలేదు. గుళ్లో చొరబడగల ఆ ప్రాణినే 1941లో కవి జాషువా తన కావ్యంలో, గుడి బయట నిలిపివేయబడిన మనిషికి దూతను చేశాడన్నది తెలిసినవాళ్లు మాత్రం ఆ గుమ్మం దగ్గర ఆగరు. దగ్గరికెళ్తే కనబడేది ఇది: తలకిందులుగా వేలాడుతూ ఒక కాలితో పట్టుకుని, రెండో కాలితో చంక గోక్కుంటుంది. నక్కపిల్ల మొహం. రెక్కను విసనకర్రలా ఊపుకుంటుంది, ఎండలో ఒంటిని చల్లబరుచుకోవడానికి. ఆ రెక్క వెనక నుంచి వెలుతురు పడ్డప్పుడు చర్మం తేనెరంగులోకి మారి, లోపల పొడుగాటి ఎముకలు నాలుగు బయటపడతాయి. అవి వేళ్లు. మన చేతికున్న ఎముకలే సాగి సాగి గొడుగు కమ్మీలైన సంగతి ఏ పాఠ్యపుస్తకమూ అంత బాగా చెప్పదు. ఆ ఫొటో కావాలనుకునేవాడు వెలుతురుకు ఎదురుగా నిలబడి, ఎక్స్‌పోజర్ పెంచి, అది రెక్క విప్పేదాకా ఆగాలి. విప్పకపోతే ఊరుకోవాలి.

పులుల దగ్గర కథ వేరు. ఇవి సుమత్రా దీవి పులులు, బతికున్న పులి రకాల్లో చిన్నవి, చారలు దగ్గరదగ్గరగా ఉంటాయి. అడవిలో కొన్ని వందలకు మించి మిగలలేదు. 2017లో ఈ పార్కులో రెండు కూనలు పుట్టాయి. శిథిల మహలు గోడల మధ్య, నీళ్లతొట్టి పక్కన ఎక్కడో పడుకుని ఉంటాయి. ఇంకో పక్క మైదానంలో ఎల్డ్ జింకలు, వాటితో పాటు కృష్ణజింకలు మేస్తుంటాయి. కంటికి దొరకని అడ్డు మధ్యలో ఉంటుంది గాని, పులీ జింకా ఒకే నేలను పంచుకుంటున్నట్టుంటుంది చూడ్డానికి. కృష్ణజింక మన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు. కర్నూలు నేలలో రోళ్లపాడు గడ్డిమైదానాల్లో గుంపులుగా తిరిగే ప్రాణిని ఆర్లాండోలో మొదటిసారి చూసిన మనవాళ్లు తప్పకుండా ఉంటారు. అందరూ పులి మీద కెమెరా పెట్టి నిలబడ్డప్పుడు, మెలితిరిగిన కొమ్ములెత్తి నడిచే నల్లని మగజింక మీద ఎవరి కన్నూ పడదు. తెల్లని పొట్టా నల్లని వీపూ ఒకే ఫ్రేములో వివరం పోకుండా పట్టడం పులిని పట్టడం కంటే కష్టం. పొద్దుటి నీరెండ ఉంటేనే వీలవుతుంది. ఇక పులికి వస్తే, చారలు మొహం మీదికంటే పక్కటెముకల మీద చూడాలి. ఏ రెండు పులుల చారలూ ఒకటి కావు. 1990ల్లో వన్యప్రాణి శాస్త్రవేత్త ఉల్లాస్ కారంత్ కర్ణాటకలోని నాగరహొళె అడవిలో దాగుడు కెమెరాలతో తీసిన పులుల ఫొటోలను చారలను బట్టి విడదీసి లెక్క కట్టే పద్ధతిని నిలబెట్టారు. ఇవాళ నాగార్జునసాగర్ శ్రీశైలం అడవిలోనూ, అమ్రాబాద్‌లోనూ పులుల లెక్క తేలేది అదే దారిలో. పక్కనుంచి తీసిన పులి ఫొటో ఒక గుర్తింపు పత్రం. మొహం నిండా తీసిన ఫొటో గోడకు బాగుంటుంది.

పనిముట్ల గురించి ఎక్కువ చెప్పను, రెండు మాటలు చాలు. అద్దం ఎదురైతే లెన్సును దానికి ఆనించి, నేరుగా పెట్టాలి. వాలుగా పెడితే మన చొక్కాయే ఫొటోలో పడుతుంది. పిల్లల చేతిముద్రలు ఎప్పుడూ కింది భాగంలో ఉంటాయి గనక ఒక అడుగు పైన అద్దం శుభ్రంగా దొరుకుతుంది. ఇనుప వల ఎదురైతే దానికి వీలైనంత దగ్గరగా జరిగి, లెన్సు పూర్తిగా తెరిచి, జంతువు వలకు దూరంగా ఉన్నప్పుడు తీయాలి. వల మాయమవుతుంది. వల మీద ఎండ పడుతుంటే మాత్రం ఏ చిట్కా పనిచేయదు, నీడ ఉన్న వైపు వెతుక్కోవాలి. ఫోనున్నవాడికి ఇక్కడ ఒక లాభముంది, దాని చిన్న గాజు వల కన్నంలో ఇమిడిపోతుంది. ఫ్లాష్ వెలిగించకూడదు. సెల్ఫీ కర్రలను డిస్నీ పార్కుల్లో 2015 నుంచి నిషేధించారు. ఏసీ గదిలోంచి ఆ ఉక్కలోకి రాగానే లెన్సు మీద ఆవిరి పడుతుంది, తుడిచినా మళ్లీ పడుతుంది, కాసేపు ఆగడమే మందు.

అసలు కెమెరా ఎందుకు, కళ్లతో చూస్తే చాలదా అనేవాళ్లున్నారు. వాళ్ల వాదనకు ఆధారం లేకపోలేదు. అమెరికాలో లిండా హెంకెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త మ్యూజియంలో విద్యార్థులతో ప్రయోగం చేసి 2014లో ఫలితాలు ప్రచురించారు. వస్తువులను ఫొటో తీసుకున్నవాళ్లకు, ఊరికే చూసినవాళ్ల కంటే అవి తక్కువగా గుర్తున్నాయి. కెమెరా గుర్తుపెట్టుకుంటుందిలే అని మనసు ఆ బరువు దించేసుకుంటుందన్నమాట. ఇంతవరకే చెప్పి ఆపేసేవాళ్లు చాలామంది. అదే ప్రయోగంలో ఇంకో సగముంది. వస్తువులో ఏదో ఒక భాగం మీదికి జూమ్ చేసి తీసినవాళ్లకు ఆ మరపు రాలేదు. పైగా జూమ్ చేయని భాగాలు కూడా వాళ్లకు గుర్తున్నాయి. దీన్ని నేను ఇలా అర్థం చేసుకుంటాను. మరపుకు కారణం కెమెరా కాదు, ఎంచుకోకపోవడం. అద్దం దగ్గరికొచ్చి ఫోనెత్తి మొత్తం దృశ్యం మీద ఒక నొక్కు నొక్కి వెళ్లిపోయేవాడు ఏదీ ఎంచుకోలేదు. గొరిల్లా ముక్కు ముడతలా, గబ్బిలం వేలి ఎముకా, జింక కొమ్ము మెలికా అని నిర్ణయించుకునేవాడు ముందు చూసి, తర్వాత తీస్తాడు. కనబడుతుందో లేదో తెలియని బాటలో వేచి ఉండక తప్పదు, ఆ వేచి ఉండడంలో ఎంచుకోవడానికి సమయం దొరుకుతుంది. ట్రక్కు సఫారీలో ఆ వీలు లేదు. డ్రైవరు ఆపినంతసేపే, ఊగుతున్న బండిలోంచి.

అన్నిటికంటే బరువైన అభ్యంతరం చివరికి మిగిల్చాను. ఇవి బందీలు, వీటి ఫొటో వన్యప్రాణి ఫొటో ఎలా అవుతుంది అని. జాన్ బెర్జర్ అనే ఆంగ్ల రచయిత, జూలోని జంతువు చూపు మనమీంచి జారి ఎటో పోతుందనీ, అక్కడ మనిషికీ జంతువుకీ చూపులు కలవడం అసాధ్యమనీ వాదించాడు. చువ్వల వెనకున్న జంతువు విషయంలో అది చాలావరకు నిజం. ఎన్ని చెట్లు నాటినా బందీతనం బందీతనమే, దాన్ని నేను కప్పిపుచ్చను. రోటర్‌డామ్ సంగతి చూశాక చూపులు కలవకపోవడం పెద్ద నష్టమని కూడా అనుకోను. ఫొటో విషయంలో మాత్రం తప్పు బందీతనంలో లేదు, దాచడంలో ఉంది. 2009లో లండన్ వారి ప్రసిద్ధ వన్యప్రాణి ఫొటో పోటీలో, రాత్రిపూట గేటు మీంచి దూకుతున్న తోడేలు చిత్రానికి మొదటి బహుమతి వచ్చింది. అది మాలిమి చేసిన తోడేలేనని నిర్ణాయకులు తేల్చి, కొద్ది నెలలకే బహుమతి రద్దు చేశారు. ఫొటోగ్రాఫరు ఒప్పుకోలేదు. తోడేలు అందంలో తేడా రాలేదు, ఫ్రేములో తేడా రాలేదు, దాని కింద రాసిన మాటలోనే అంతా ఉంది. డిస్నీ సంస్థకు ఈ పాఠం ఇంకా దగ్గరిది. 1958లో వాళ్లు తీసిన వైట్ విల్డర్‌నెస్ అనే డాక్యుమెంటరీకి ఆస్కార్ వచ్చింది. అందులో లెమ్మింగ్‌లనే ఎలుకజాతి ప్రాణులు గుంపులుగా కొండచరియ మీంచి నీళ్లలోకి దూకి చస్తాయి. అవి ఆత్మహత్య చేసుకుంటాయని ప్రపంచమంతా నమ్మింది. వాటిని వేరే చోటు నుంచి కొనుక్కొచ్చి, ఒడ్డు మీంచి నెట్టి తీశారని 1982లో కెనడా ప్రసార సంస్థ కార్యక్రమం బయటపెట్టింది. తీసింది అడవి ప్రాణినే, చిత్రం అబద్ధం. కాలిబాట మీద తీసిన గొరిల్లా ఫొటో కింద, ఫలానా పార్కు, ఫలానా ఊరు, పల్లపు అడవుల గొరిల్లా అని రాస్తే అందులో అబద్ధమే లేదు. వలను, అద్దాన్ని కొంత కనబడనిచ్చినా నాకు అభ్యంతరం లేదు. మన తెలుగు ఫొటో బృందాల్లో ఇలా రాసే అలవాటు అంతగా లేదు. జూలో తీసిన పులిని నల్లమలలో తీసినట్టు మౌనంగా వదిలేయడం ఉంది.

అంత దూరం వెళ్లి చూడగలిగేవాళ్లు ఎంతమంది అని మీరు అడగవచ్చు. నిజమే. కానీ నేను చెప్పినదాంట్లో ఆర్లాండోకే చెల్లేది తక్కువ. హైదరాబాదులో మీర్ ఆలం చెరువు పక్కన 380 ఎకరాల్లో ఉన్న నెహ్రూ జూలాజికల్ పార్కు 1963లో తెరిచినప్పుడు, చువ్వల బోనులకు బదులు కందకాలతో కట్టినది. హాగెన్‌బెక్ ఆలోచన మన గడ్డ మీదికి అలా వచ్చింది. అక్కడ గొరిల్లాలు లేకపోవచ్చు గాని, పులి ఉంది, జింకలున్నాయి, తోవ పొడుగునా పెద్ద చెట్ల నీడ ఉంది. ఆదివారం మధ్యాహ్నం కుటుంబాలు గుంపులుగా వచ్చి, ఈలలు వేసి, పడుకున్న పులిని లేపాలని చూసే వేళకు వెళితే ఆర్లాండోలో విసుక్కున్నవాళ్ల విసుగే మీకూ మిగులుతుంది. గేటు తెరిచే వేళకు వెళ్లాలి. బ్యాటరీ బండి ఎక్కకుండా నడవాలి. అన్నీ చూడాలన్న పట్టు వదిలేసి రెండు మూడు చోట్లు ఎంచుకుని, ఒక్కోచోట అరగంట నిలబడితే చాలు. మంగళవారం గాని బుధవారం గాని అయితే జనం పలచగా ఉంటారు. సోమవారం జూకి సెలవు.